కోడి, వేట, చేప బాగు చేసుకోడానికి తక్కువ ధరలో మంచి కత్తి

ఆన్‌లైన్‌లో హంటింగ్ నైఫ్ అని కొడితే వచ్చేవాటిలో చాలామటుకు మాంసం పనికి అక్కరకు రావు. నల్ల పూత, వెన్ను మీద రంపపు పళ్ళు, పిడి చివర దిక్సూచి, అయిదు మిల్లీమీటర్ల మందం. ఫొటోలో బాగుంటాయి. కోడి తొడ దగ్గర పెడితే మాత్రం కోయవు, చీలుస్తాయి. రంపపు పళ్ళలో కొవ్వు ఇరుక్కుంటుంది. ఆ రంపాన్ని ఎముక మీద ఆడిస్తే ఎముక పొడి రాలి మాంసానికి అంటుకుంటుంది.

పైగా మన దగ్గర ఆ పేరుకు తగ్గ పనే లేదు. అడవి జంతువుల వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. విశాఖ శివారు కంబాలకొండ అడవి వైపు నుంచో ఏజెన్సీ నుంచో ఎవరైనా అడవిపంది మాంసమో కుందేలు మాంసమో ఉందంటే కొనడం కూడా చిక్కే. విశాఖలో ఇలాంటి కత్తికి నిజంగా ఉండే పనులు మూడు: నాటుకోడిని బాగు చేయడం, కనుమకో ఆదివారానికో వాటాలేసుకుని తెచ్చుకున్న వేట మాంసాన్ని, అంటే మేక, పొట్టేలు మాంసాన్ని విడగొట్టడం, ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన పెద్ద చేపను కోయడం. మేకనో పొట్టేలునో నగరంలో గుర్తింపు ఉన్న కబేళాలోనే కోయాలి, పెరట్లో కాదు. కాబట్టి వేట విషయంలో తోలు తీసే పని మీకు రాదు. తొడ, జబ్బ, పక్కటెముకలు పెద్ద ముక్కలుగా ఇంటికొస్తాయి. అక్కడి నుంచి పని మొదలు.

ఈ మూడింటికీ ఒకే కత్తి సరిపోదు. తోలు, కండ, పొర కోయడానికి పల్చటి అంచు కావాలి. ఎముక నరకడానికి మందపాటి అంచు, బరువు కావాలి. పల్చటి అంచుతో ఎముక కొడితే అంచు పెచ్చులూడుతుంది. మందపాటి అంచుతో తోలు కోయబోతే బలం పెట్టాల్సి వస్తుంది, బలం పెట్టిన చెయ్యి జారుతుంది. తక్కువ ధర కత్తుల గురించి వచ్చే ఫిర్యాదులు ఎక్కువగా ఈ రెండు పనులూ ఒకదానితోనే చేయించడం వల్ల వచ్చినవే. చేతిలో 1,500 రూపాయలుంటే చిన్న కత్తికి 500, ఎముకల కత్తికి 500, మిగతా 500 సానరాయికి పెట్టండి. కత్తికి రెండు వేలు పెట్టి రాయి కొననివాళ్ళకంటే ఇలా కొన్నవాళ్ళ మాంసమే శుభ్రంగా తెగుతుంది.

చిన్న కత్తి ఎలా ఉండాలి

బ్లేడు నాలుగు నుంచి అయిదు అంగుళాలు, అంటే 10 నుంచి 13 సెంటీమీటర్లు. అంతకు మించితే కోడి పొట్టలో మొన ఎక్కడుందో చేతికి తెలియదు. వెన్ను మందం రెండు, రెండున్నర మిల్లీమీటర్లు చాలు, మూడు దాటితే వదిలేయండి. వెన్ను దగ్గర మందం కంటే అంచుకు కాస్త పైన ఉండే మందం ముఖ్యం. అక్కడ బొటనవేలు, చూపుడువేలితో రెండు పక్కలా పట్టుకుని కిందికి జార్చి చూడండి. అంచు దాకా సన్నబడుతూ పోవాలి. ఉలిలా ఒక్కసారిగా వాలినట్టు తగిలితే ఆ కత్తి ఎంత నూరినా మాంసంలోకి దిగదు.

మొన వెన్ను గీత కంటే కొంచెం కిందికి వాలి ఉండాలి. పైకి లేచిన సూది మొన పేగుల దగ్గర ప్రమాదం, చూసుకోకుండానే గుచ్చుకుంటుంది. అంచు ముందు భాగం కాస్త గుండ్రంగా వంపు తిరిగి ఉంటే తోలు కింద కత్తిని ఊపుతూ పోవచ్చు. పొట్ట చీల్చడానికని కొన్నిటికి వెన్ను మీద కొక్కెం పెడతారు. దాన్ని నూరడానికి గుండ్రటి ఆకురాయి విడిగా కావాలి, మన పనికి అవసరమే లేదు.

పిడి విషయంలో అందం చూడొద్దు. కోడి కొవ్వు, చేప జిగురు అంటుకున్న చేతికి నున్నటి వార్నిష్ చెక్క, మెరిసే స్టీలు పిడి నిలవవు. గరుకు ప్లాస్టిక్ లేదా రబ్బరు పిడి మేలు. ముందు వేలు అంచు మీదికి జారకుండా పిడి మొదట్లో చిన్న ఎత్తు ఉండాలి. బ్లేడు, పిడి కలిసే చోట సందు ఉంటే గోరు పెట్టి చూడండి. గోరు దూరితే రక్తమూ దూరుతుంది. వారం తిరిగేసరికి అక్కడి నుంచే వాసన వస్తుంది. చెక్క పిడి అయితే బ్లేడు ఇనుము పిడి చివరి దాకా కనబడాలి, మూడు రివెట్లు కదలకుండా ఉండాలి. సగం దాకానే ఇనుము ఉన్నవి ముందు లూజవుతాయి, తర్వాత ఊడతాయి.

ఆన్‌లైన్‌లో వెతకాలంటే హంటింగ్ బదులు బోనింగ్ నైఫ్ అని కొట్టండి. మాంసం కొట్లవాళ్ళు వాడే ఆరంగుళాల సన్నకత్తి అది. నాటుకోడికి కాస్త పొడవే గానీ వేట తొడ ఎముక నుంచి కండ విడదీయడానికి దానికి మించింది లేదు. అందులో వంగేవి, వంగనివి రెండు రకాలు. చేపల పని ఎక్కువైతే వంగేది, వేట, కోడి ఎక్కువైతే వంగనిది. స్వీడన్‌ వాళ్ళ మోరా కంపానియన్ కూడా ఈ కొలతలకు సరిపోతుంది: పది సెంటీమీటర్ల పైచిలుకు బ్లేడు, రెండున్నర మిల్లీమీటర్ల మందం, రబ్బరు పిడి. మన దగ్గర దిగుమతి ధర పడుతుంది కాబట్టి తక్కువలో దొరికితేనే తీసుకోండి.

ఉక్కు సంగతి

పెట్టె మీద సర్జికల్ స్టీల్ అనో జపాన్ టెక్నాలజీ అనో రాస్తే దానికి అర్థం లేదు. అంకె కావాలి. 420, 3సీఆర్13 అని ఉంటే మెత్తటి ఉక్కు, త్వరగా మొద్దుబారుతుంది, అంతే త్వరగా పదునెక్కుతుంది. 5సీఆర్15 లేదా 1.4116 అని ఉంటే మన బడ్జెట్‌కి అదే సరైనది. గట్టిదనం హెచ్‌ఆర్‌సీ (ఉక్కు గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ లెక్క) 55 నుంచి 57 మధ్య ఉంటుంది, మామూలు రాయి మీద నూరుకోవచ్చు, తుప్పుకు బాగానే ఆగుతుంది. డీ2 గట్టిదే, 60 దాకా పోతుంది. అయితే అది పూర్తి స్టెయిన్‌లెస్ కాదు, ఉప్పుగాలికి చుక్కలు పడతాయి, కొత్తవాళ్ళకు నూరడం విసుగు. వెయ్యి లోపు ధరలో డమాస్కస్ (పొరలు పొరలుగా అతికి సాగగొట్టిన ఉక్కు) గీతలు కనబడితే అవి చాలామటుకు పైన అచ్చు వేసినవే, తోమేకొద్దీ పోతాయి.

దుకాణానికి చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి. పదునుకు పనికొచ్చే స్టెయిన్‌లెస్ అయస్కాంతానికి గట్టిగా అంటుకుంటుంది. అంటుకోకపోతే అది గిన్నెలు, సింకులు చేసే రకం. ఎంత కాల్చినా గట్టిపడదు, ఒక్క కోడికే అంచు వాలిపోతుంది. అంటుకున్నంత మాత్రాన మంచిదని కాదు, అంటుకోనిది మాత్రం కచ్చితంగా వద్దు.

పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల పాత్రల దుకాణాల్లో, హార్డ్‌వేర్ షాపుల్లో కొనడంలో ఉన్న లాభం చేత్తో చూసుకోవడమే. బ్లేడును కంటికి ఎదురుగా, మొన దూరంగా ఉండేలా పట్టుకుని వెన్ను గీత చూడండి, పక్కకు వంపు ఉంటే తెలిసిపోతుంది. తర్వాత అంచును పైకి తిప్పి లైటు కింద పెట్టండి. పదునైన అంచు వెలుగును తిప్పి కొట్టదు. తళుక్కుమనే చుక్కలు కనబడితే అక్కడ అంచు విరిగిందో వాలిందో అన్నమాట. కొత్త కత్తికి పదును లేకపోవడం పెద్ద లోపం కాదు, ఇంట్లో నూరుకోవచ్చు. వంపు మాత్రం సరిచేయలేరు.

ఎముకలకు వేరే కత్తి

దీనికి కమ్మరి చేసిందే మేలు. లారీ కమాను పట్టాతో చేసిన కత్తికి ఫ్యాక్టరీ చాపర్లలో ఆ ధరకు సాటి దొరకదు. కమాను ఉక్కులో కర్బనం తగినంత ఉంటుంది, దెబ్బకు ఓర్చుకుంటుంది. గాజువాక ఆటోనగర్ లాంటి చోట్ల పాత పట్టాలకు కొదవ లేదు. పాడేరు, అరకు వైపు సంతల్లో కమ్మరులు తెచ్చి అమ్ముతారు కూడా. బరువు అర కిలో నుంచి 700 గ్రాములు, బ్లేడు ఆరేడు అంగుళాలు. అంతకంటే తేలికైతే మీరు బలం పెట్టాలి, బరువైతే గురి తప్పుతుంది.

కమ్మరిని అడగాల్సింది ఒకటే: ఎర్రగా కాల్చాక నూనెలో ముంచావా, నీళ్ళలోనా అని. కమాను ఉక్కును నీళ్ళలో ముంచితే వెంట్రుక మందం పగుళ్ళు రావచ్చు. అవి ఆ రోజు కనబడవు, తర్వాత ఎముక మీద కొట్టినప్పుడు ముక్క ఎగిరిపోతుంది. పిడి తొడగక ముందు బ్లేడును వేలికి వేలాడదీసి చిన్న ఇనుప ముక్కతో తట్టండి. ఖంగుమని మోగితే బాగున్నట్టు, డబ్బుమంటే వదిలేయండి. ఇంకో పరీక్ష ఆకురాయితో. అంచు దగ్గర ఆకురాయి పట్టకుండా జారాలి, వెన్ను దగ్గర పట్టాలి. అంచు గట్టిగా, వెన్ను మెత్తగా ఉండటమే మనకు కావాలి. అంతా ఒకేలా గట్టిగా ఉంటే విరిగే కత్తి, అంతా మెత్తగా ఉంటే వంగే కత్తి.

చట్టం గురించి ఒక మాట. తొమ్మిది అంగుళాల కంటే పొడవు లేదా రెండు అంగుళాల కంటే వెడల్పు బ్లేడున్న కత్తులు నిబంధనల్లో ఆయుధాల కిందికి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి తయారైనవాటికి మినహాయింపు ఉంది. వంటింట్లో ఉన్నంత వరకు గొడవ లేదు. కొని తెచ్చేటప్పుడు గుడ్డలో చుట్టి సంచి అడుగున పెట్టుకోండి, స్కూటర్ ముందు వేలాడదీయకండి.

చేపకు మాత్రం ఈ రెండిటితో పనిలేకుండా కత్తిపీట ఉంటే అదే వాడండి. హార్బర్‌లో రోజంతా వంజరాలు, పండుగప్పలు కోసే ఆడవాళ్ళు దాన్నెందుకు వదలరో ఒక్కసారి నిలబడి చూస్తే తెలుస్తుంది. రెండు చేతులూ చేపను పట్టుకునే ఉంటాయి, జారే వస్తువుకు అంతకంటే భద్రమైన ఏర్పాటు లేదు. ముళ్ళు లేకుండా కండ పలకగా తీయాలన్నప్పుడే వంగే సన్నకత్తి అవసరం.

కత్తి పెట్టే చోటు

మంచి కత్తి కొన్నాక కూడా పని చెడిపోయేది ఎక్కడ కోయాలో తెలియక. నాటుకోడి విషయంలో తప్పు కత్తి కంటే ముందే జరుగుతుంది. ఈకలు పీకడానికి సలసల కాగే నీళ్ళలో ముంచితే తోలు ఉడికిపోయి ఈకతో పాటే ఊడొస్తుంది. 60, 65 డిగ్రీల నీళ్ళు, ఒక నిమిషం చాలు. రెక్క ఈక లాగితే తేలిగ్గా రావాలి, అదే గుర్తు. తర్వాత మంట మీద కాల్చి, పసుపు రుద్ది, కడిగి ఆరబెట్టాకే కత్తి తీయండి. తడి తోలు మీద కత్తి జారుతుంది.

కాళ్ళను ఎముక మీద నరకొద్దు. మోకాలిని వంచి, కీలు దగ్గర సందులో మొన పెట్టి తిప్పితే ఊడొస్తుంది. మెడ దగ్గర తోలు చీల్చి, మేత సంచిని వేళ్ళతో వదులు చేసి లాగేయండి. కోడికి ముందు రోజు రాత్రి నుంచి మేత పెట్టకపోతే అది ఖాళీగా ఉండి పని సులువవుతుంది. పొట్ట దగ్గర రొమ్ము ఎముక చివర రెండు మూడు సెంటీమీటర్ల గాటు పెట్టండి, తోలు తెగేంత లోతు మాత్రమే. అక్కడి నుంచి కత్తి అంచును పైకి తిప్పి, కింద రెండు వేళ్ళు పెట్టి పేగులను అణచిపట్టి, లోపలి నుంచి బయటికి కోసుకుపోవాలి. అంచు కిందికి ఉంటే పేగు తెగుతుంది, తెగితే లోపలంతా పాడవుతుంది. మలద్వారం చుట్టూ గుండ్రంగా కోసి వదులు చేశాక మొత్తం ఒకే గుత్తిగా బయటికి వస్తుంది.

కార్జానికి అంటుకుని పచ్చగా చిన్న తిత్తి ఉంటుంది. చేదంతా అందులోదే. దాన్ని లాగి తీయబోతే పగులుతుంది. అది అంటుకున్న చోట కార్జం ముక్కతో సహా కోసేయండి, రెండు గ్రాములు పోతే పోనీ. పగిలితే పచ్చబడిన భాగాన్ని వెంటనే కోసి పారేయండి. ఎంత కడిగినా చేదు పూర్తిగా పోదు. కందనకాయను వంపు వెంబడి చీల్చి, రాళ్ళూ ఇసుకా దులిపి, లోపలి పసుపు పొరను గోటితో ఒలిచేయాలి.

వేట మాంసంలో చాలామందికి తెలియని సౌకర్యం జబ్బ దగ్గరుంది. ముందు కాలు ఒంటికి ఎముకతో అతుక్కుని ఉండదు, కండతోనే నిలబడుతుంది. కాలును పైకెత్తి, సహజంగా విడిపోయే గీత వెంట చిన్న కత్తిని నడిపిస్తే ఒక్క దెబ్బ లేకుండా జబ్బ చేతికొస్తుంది. వెనక తొడకు బంతి కీలు ఉంటుంది. చుట్టూ కండ కోసి, కాలును వెనక్కి వంచితే కీలు బయటపడుతుంది, మధ్యలోని నరం తెంపితే చాలు. తొడ మీద తెల్లటి పొరను అలాగే వదిలేస్తే ఉడికేటప్పుడు అది ముడుచుకుని ముక్కను బిగదీస్తుంది. పొర కింద మొన దూర్చి, అంచును కొంచెం పొరవైపు వాల్చి, పొరను లాగుతూ కోయాలి. కండ పోదు.

ఎముక ముక్కలు కొట్టేది చింతమొద్దు మీదే. దెబ్బ ఒక్కటే, గట్టిగా. మొద్దుబారిన కత్తితో మూడు నాలుగు సార్లు కొడితే ఎముక పెంకులు పెంకులుగా చిట్లుతుంది. కూరలో పంటికింద పడేవి, పిల్లల గొంతులో గుచ్చుకునేవి అవే. కొట్టేటప్పుడు మాంసం పట్టుకున్న చెయ్యి జానెడు దూరంలో ఉండాలి. ఇక గ్రానైట్ గట్టు మీద కత్తి ఆడించడం గురించి చెప్పాలంటే, అర గంట నూరిన పదును ఒక్క లాగుతో పోతుంది. చెక్క పలక లేదా ప్లాస్టిక్ పలక తప్పనిసరి.

పదును

రెండు వైపులా వాడుకునే రాయి, ఒకవైపు 400, ఇంకోవైపు 1000 గ్రిట్ ఉన్నది కొనండి. గ్రిట్ అంటే గరుకు కొలత, అంకె పెరిగేకొద్దీ రాయి నున్నన. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే నల్ల రాయి ఇంకా గరుకు, పెచ్చులూడిన ఎముకల కత్తికి పనికొస్తుంది. రాయిని పది నిమిషాలు నీళ్ళలో నానబెట్టి, జారకుండా కింద తడి గుడ్డ పరవండి.

కోణం ఎలా పట్టాలి అనేదే అందరి సందేహం. కత్తిని రాయి మీద నిట్టనిలువుగా పెట్టండి, అది 90 డిగ్రీలు. సగం వాల్చితే 45. ఇంకో సగం వాల్చితే సుమారు 22. చిన్న కత్తికి అంతకంటే ఒక పిసరు తక్కువ, 20 డిగ్రీలు. ఇంకోలా చెప్పాలంటే బ్లేడు వెడల్పు 25 మిల్లీమీటర్లుంటే వెన్ను రాయి మీద నుంచి ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్లు లేవాలి. ఎముకల కత్తికి 25 నుంచి 30 డిగ్రీలు పెట్టండి, అంతకంటే సన్నగా నూరితే మొదటి ఎముకకే పెచ్చు లేస్తుంది.

ఒకవైపే నూరుతూ పోండి. కాసేపటికి అవతలి వైపు అంచు పొడుగునా సన్నటి గరుకు పొర వేలికి తగులుతుంది. పక్క నుంచి బయటికి తడిమి చూడండి, అంచు వెంబడి వేలు లాగకండి. ఆ పొర పిడి దగ్గరి మడమ నుంచి మొన దాకా వస్తేనే రెండో వైపు తిప్పాలి. కత్తి పదునెక్కడం లేదని వాపోయేవాళ్ళు చాలామంది ఈ పొర రాకముందే తిప్పేస్తారు. రెండు వైపులా అయ్యాక 1000 వైపు తిప్పి, బరువు పెట్టకుండా మార్చి మార్చి పదేసి సార్లు లాగండి. ఆఖరున పాత తోలు బెల్టు మీద అంచును వెనక్కి లాగితే మిగిలిన పొర రాలిపోతుంది. న్యూస్‌పేపర్ అంచును పట్టుకుని పై నుంచి కోస్తే చిరగకుండా తెగాలి.

సైకిల్ మీద సానచక్రంతో వచ్చేవాళ్ళకు ఇవ్వొచ్చు, పక్కనే నిలబడి మధ్య మధ్యలో నీళ్ళలో ముంచమని చెప్పండి. నిప్పురవ్వలు ఎగురుతూ ఉండగా అంచు నీలం రంగుకు తిరిగిందంటే వేడి మూడొందల డిగ్రీలకు చేరిందన్నమాట. అక్కడ ఉక్కు మెత్తబడిపోయింది. నీలం ఉన్నంత మేరా అరగదీస్తే తప్ప పదును నిలవదు.

ఉప్పుగాలి

బీచ్ రోడ్డు వైపు, హార్బర్ వైపు ఇళ్ళలో కమాను కత్తి కడిగి అలా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. పని కాగానే ముందు చన్నీళ్ళతో కడగండి. వేడినీళ్ళు పోస్తే రక్తం గడ్డకట్టి సందుల్లో పట్టేస్తుంది. తర్వాత సబ్బు, వేడినీళ్ళు. వెంటనే పొడిగుడ్డతో తుడిచి, చుక్క కొబ్బరినూనె రుద్దండి. నెలల తరబడి వాడని కత్తికి వంటనూనె జిడ్డుగా గట్టిపడుతుంది, అప్పుడు మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ మేలు. చింతపండుతో తోమితే తుప్పు మరకలు పోతాయి గానీ ఆ పులుపు ఉక్కును కూడా తింటుంది, తోమిన వెంటనే కడిగేయాలి. బ్లీచింగ్ నీళ్ళలో స్టెయిన్‌లెస్‌ని నానబెట్టొద్దు, సన్నటి గుంటలు పడతాయి.

తోలు ఒర మోసుకెళ్ళడానికే. దాంట్లోనే దాచిపెడితే తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది, కత్తి లోపలే తుప్పు పడుతుంది. అడుగున రంధ్రం ఉన్న ప్లాస్టిక్ ఒర గానీ, గోడకు కొట్టిన చెక్క స్టాండు గానీ సరిపోతుంది. పచ్చి కోడి కోసిన కత్తిని ఉల్లిపాయలకు వాడేవాళ్ళు ఇంట్లో ఉంటే పిడికి ఎర్ర టేపు చుట్టండి.